తుమ్మలగూడ గేటుకు జపాన్ దారి

ప్రపంచ చరిత్రలో తుమ్మలగూడకు ఇకనుంచి ఒక పేజీ ఖాయమని అక్టోబరు ఇరవై ఆరున గోదావరిఖని చౌరస్తాలో శ్రీ వామనరావు గారు ప్రకటించారు. వెనుక ఫ్లెక్సీలో ఎడమ పక్క చైనా గోడ, కుడి పక్క జపాన్ మంచుకొండ, మధ్యలో వామనరావు గారు. కొండకంటే కొంచెం పెద్దగానే ఉన్నారు. కింద అక్షరాలు: "పాశ్చాత్య సామ్రాజ్యవాదానికి చైనా, జపాన్‌ల జవాబు – తుమ్మలగూడ గేటు సమస్యకు శాస్త్రీయ పరిష్కారం."

వామనరావు గారు బొగ్గుబాయి కార్మికుల యూనియన్‌కు ఏరియా ఉపాధ్యక్షులు. ఇరవై ఆరేండ్ల సర్వీసు. అందులో ఆయన బాయి లోపలికి దిగింది రెండుసార్లు. ఒకటి చేరిన రోజు, రెండోది ఫోటో దిగిన రోజు. మిగతా అన్ని రోజులూ ఆయన మస్టర్ బాయి మీద పడుతుంది, మనిషి చౌరస్తాలో ఉంటాడు. హాజరు ఒక చోట, మనిషి ఇంకో చోట ఉండడం మామూలు మానవులకు అయ్యే పని కాదు. నాయకుడు అని ఊరికే అనరు.

నాది యూనియన్ ఆఫీసు కింద జిరాక్స్ దుకాణం. కరపత్రాలు, వినతిపత్రాలు, శ్రద్ధాంజలి ఫ్లెక్సీలు కొడతాను. దూరవిద్యలో ఎమ్మే హిస్టరీ చేశాను కాబట్టి వామనరావు గారు నన్ను నలుగురిలో "మన మేధావి" అని పరిచయం చేసి, ఆ నలుగురికీ ఛాయ్ చెప్పమంటారు.

ఇక గేటు సంగతి. సర్కారు బొగ్గు కంపెనీ తన ఓపెన్‌కాస్టు గని గుంతలో బొగ్గు మీది మట్టి తీసే పనిని లండన్‌లోని క్రాన్లీ అండ్ హోల్ట్ అనే సంస్థకు ఇచ్చింది. క్రాన్లీ వాళ్లు సెప్టెంబరు చివర్లో వచ్చీ రాగానే చుట్టూ కంచె వేసి, తుమ్మలగూడ బండ్లబాటకు అడ్డంగా ఇనుప గేటు నిలబెట్టి తాళం వేశారు. గేటు అవతల లింగవ్వ పొలం ఉంది; దానికి మూడు దిక్కులా గుంత, నాలుగో దిక్కున గేటు. ఎకరం ముప్పై గుంటలు. మిగతా వాళ్ల భూములు ఎప్పుడో గుంతలో కలిసిపోయాయి. మిగిలింది ఈమె ఒక్కతే. గేటు ఇవతల ఇల్లు, అవతల పొలం. పట్టా ఆమెదే, వరి ఆమెదే, తాళం క్రాన్లీది. వరి కోతకొచ్చింది.

ప్రకటన అయ్యాక లింగవ్వ లేచి నిలబడింది. అరవై ఆరేండ్ల మనిషి. చేతిలో కొడవలి లేదు గాని, నిలబడ్డ తీరు చూస్తే ఉన్నట్టే ఉంటుంది.

"సారూ, జెర గేటు దియ్యమనున్రి. గింజ ఎండింది. ఇంకో పది దినాలైతే నేలవాలైతది."

వామనరావు గారు చిరునవ్వు నవ్వారు. "అవ్వా, నువ్వు దాన్ని గేటు అనుకుంటున్నవు. అది గేటు కాదు. సామ్రాజ్యవాదం."

"అది ఏదన్న గానియ్యి. దాని తాళంచెవి ఎవలకాడ ఉన్నది?"

"చూసిన్రా!" అన్నారాయన విలేకరుల వైపు తిరిగి. "చదువుకోని అవ్వ కూడా మూలాల్లోకి పోతున్నది. ఈ ప్రశ్న మీద ఒక అధ్యయన కమిటీ వేస్తున్నం."

విలేకరులు రాసుకున్నారు. లింగవ్వ కూర్చుంది.

ఈ మహత్తర ఆలోచన ఎట్లా పుట్టిందో పాఠకులకు తెలియాలి. వామనరావు గారి బిడ్డ వేదశ్రీ గ్రూప్స్‌కు చదువుకుంటోంది. ఆ పిల్ల పొద్దున్నే పైకి చదువుతుంటే ఈయన పండ్లు తోముకుంటూ విన్నారు. నురగ నోటితోనే నా దుకాణానికి ఫోన్ చేశారు.

"రఘుపతీ, తెల్లోడు గేటు కాడికి అచ్చిన మొదటి ఊరు మనది కాదటరా! మనకంటె ముందు చైనా ఉన్నదట, జపాన్ ఉన్నదట. నోట్సు తయారుచెయ్."

పొద్దెక్కేసరికి ఆయన ముందు నోట్సు పెట్టి అర్థం చెప్పాను.

"ఇంగ్లండోళ్లు చైనాల నల్లమందు అమ్మిన్రు సార్. చైనా వద్దన్నది. వద్దన్నందుకు యుద్ధం చేసిన్రు. చైనా ఓడిపోయి, ఒప్పందం మీద సంతకం పెట్టి, హాంకాంగ్ రాసిచ్చి, అయిదు రేవులు తెరిచింది."

"పాపం. జపాన్?"

"జపాన్ కాడికి అమెరికా నుంచి నాలుగు నల్ల ఓడలు అచ్చినై. తలుపు తియ్యిమన్నరు. వీళ్లు అవతలోళ్ల ఫిరంగులు లెక్కవెట్టుకొని తలుపు తీసిన్రు. ఎనుకనుంచి ఆ దేశాలకే పోయి వాళ్ల చదువు, వాళ్ల మిషన్లు నేర్సుకున్నరు. యాభై ఏండ్లల్ల వాళ్లంతోళ్లు అయిన్రు."

వామనరావు గారు డైరీ, పెన్ను తీశారు. "రఘుపతీ, వాళ్లు కోట్లు ఎప్పటిసంది తొడుక్కున్నరు?"

"మధ్యల సార్."

"మధ్యలంటే? ఏడాది చెప్పు."

డైరీలో ఆయన రాసుకున్నది అదొక్కటే.

చౌరస్తా ప్రకటన మర్నాడు పొద్దున బాయి మీద గేట్ మీటింగ్. మన బొగ్గు బెల్టులో గేట్ మీటింగ్ అంటే ఎట్లుంటుందో తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ల కోసం: నైట్ షిఫ్టు దిగిన వాళ్లు ఇంటికి పోవాలి, ఫస్టు షిఫ్టు వాళ్లు లోపలికి పోవాలి, మధ్యలో నాయకుడు మైకుతో ఉంటాడు. చేతులెత్తితేనే దారి ఇస్తాడు. అందుకే మైకు ఏమడిగినా చేతులు లేస్తాయి. ముప్పై ఏండ్ల నుంచి ఒక్క తీర్మానం వీగిపోలేదు.

"సామ్రాజ్యవాదాన్ని చైనా దారిల ఎదిరిద్దామనేటోళ్లు చేతులెత్తాలె!" అన్నారు వామనరావు గారు.

నూట యాభై చేతులు లేచాయి.

"జపాన్ దారిల ఎదిరిద్దామనేటోళ్లు!"

మళ్లీ అవే నూట యాభై. ఒకాయన టిఫిన్ డబ్బా పట్టుకున్న చెయ్యి కూడా కలిపి రెండు చేతులూ ఎత్తాడు.

"రెండు దారులకూ ఏకగ్రీవ మద్దతు," అని వామనరావు గారు గద్గద స్వరంతో ప్రకటించారు. "ప్రజలు మనకంటే ముందున్నరు." చైనా సబ్ కమిటీకి బిక్షం కన్వీనర్. జపాన్ సబ్ కమిటీకి తానే. జపాన్ దారి సుదీర్ఘమైనది, త్యాగాలతో కూడినది కాబట్టి దాన్ని ఎవరి మీదా రుద్దదలుచుకోలేదని చెప్పారు.

బిక్షం గురించి రెండు ముక్కలు. కాంట్రాక్టు కార్మికుడు. పని దొరికిన రోజు పనికి పోతాడు, దొరకని రోజు ధర్నాకు పోతాడు. గొంతు మంచిది. లింగవ్వకు సొంత చెల్లెలి కొడుకు. అందుకని లింగవ్వ కొంచెం ధైర్యం తెచ్చుకుంది. మా దుకాణం మెట్ల మీద కూర్చుని, "మావోడు ముంగటవడ్డడు. ఇగ అయితది," అంది.

బిక్షం కూడా అయ్యేట్టు చేద్దామనే అనుకున్నాడు. "అన్నా, చైనోళ్లు ముందుగాల ఏం చేసిన్రు?" అని నన్నడిగాడు.

"లిన్ అని ఒక అధికారి ఉండె. ఇంగ్లండు రాణికి ఉత్తరం రాసిండు. నల్లమందు మీ ఊర్ల అమ్ముకోరు గని మా ఊర్ల ఎట్ల అమ్ముతరని అడిగిండు."

"మంచిగడిగిండు. రాణి ఏమన్నది?"

"ఉత్తరం ఆమెకు అందనే లేదంటరు."

బిక్షం అదే రోజు నాతో ఉత్తరం టైపు చేయించాడు. క్రాన్లీ అండ్ హోల్ట్ చైర్మన్ గారికి, లండన్. "అయ్యా, మీ ఇంటికి పోయే తొవ్వకు మేము గేటు పెడితే మీరు ఊకుంటరా?" అని మొదలై, "ఇట్లు, తుమ్మలగూడ ప్రజల తరఫున" అని ముగిసింది. మంచి ఉత్తరం. పద్దెనిమిది రోజులకు అదే ఉత్తరం, మీద రెండు కొత్త ముద్రలతో, మా దుకాణానికే తిరిగొచ్చింది. అడ్రసులో భవనం నంబరు లేదట.

"చైనోళ్లది గూడ అందలేదంటివి గదనే," అన్నాడు బిక్షం ఉత్సాహంగా. "అంటే మనం కరెక్టు తొవ్వలనే ఉన్నం. తర్వాత ఏంది?"

తర్వాతది చెప్పాలా వద్దా అని కొంచెం తటపటాయించాను. చెప్పాను. బాక్సర్లని కొందరు యువకులు తెల్లవాళ్ల మీద తిరగబడ్డారు. పూజలు చేసుకుని, తూటాలు మా ఒంటి మీద పనిచేయవని నమ్మి, ఎదురు నడిచారు.

"పనిచేసినయా?"

"ఏవి, పూజలా?"

"తూటాలు."

"పనిచేసినై బిక్షం."

"మన దగ్గర తూటాలు లేవు గదా," అన్నాడు.

నవంబరు పదహారున బిక్షం, ఇంకా ఇరవై ఇద్దరు బాయి మైసమ్మ దగ్గర కోడిని కోసి, నొసట కుంకుమ, చేతులకు పసుపు దారాలతో గేటు మీదికి నడిచారు. లింగవ్వ కొడవలితో వెనుక నడిచింది. నేను ఫోటోలకు పోయాను. నిజం చెప్పాలంటే నాకూ రోమాలు నిక్కబొడుచుకున్నాయి. గేటు అవతల తుపాకులు లేవు. సంధ్యారాణి గారు ఉన్నారు.

సంధ్యారాణి గారు క్రాన్లీ సంస్థకు కమ్యూనిటీ రిలేషన్స్ మేనేజర్. మంచిర్యాల పిల్ల. నవ్వు మొహం.

"రండి అన్నా, రండి!" అందామె. "లోపలికి రావడానికే కదా వచ్చారు? వెల్‌కమ్. కాకపోతే ఫస్ట్ సేఫ్టీ. హెల్మెట్, జాకెట్, బూట్లు. తర్వాత చిన్న ఇండక్షన్. అది లేకుండా మా చైర్మన్ గారినైనా రానివ్వం."

ఇరవై ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అడ్డుకుంటారనుకుని వచ్చారు. బూటు సైజు అడుగుతారని ఎవరూ అనుకోలేదు. కుంకుమ మీద హెల్మెట్లు పెట్టుకుని ఏసీ గదిలో కూర్చున్నారు. ఇంగ్లీషులో వీడియో మూడు గంటలు నడిచింది. మధ్యలో బిస్కెట్లు. చివర్న పరీక్ష. అగ్గి అంటుకుంటే ఏ గుర్తు దిక్కు ఉరకాలి అనే ప్రశ్నకు బిక్షం ఒక్కడే సరైన జవాబు చెప్పాడు. చప్పట్లు కొట్టారు. ఇండక్షన్ ముగిసేసరికి సైటు సందర్శన వేళ ముగిసింది. అందరినీ మర్యాదగా గేటు బయటికి తెచ్చి వదిలారు. లింగవ్వ కాలికి సరిపోయే బూట్లు దొరకలేదు కాబట్టి ఆమె మొదటి నుంచీ బయటే ఉంది.

"చూసినవా బిడ్డా, నా వరి?" అని అడిగింది బిక్షాన్ని.

"లేదు పెద్దవ్వా. సినిమా చూసినం."

వారం తిరిగేసరికి ఇంకో విశేషం. పరీక్షలో ఫస్టు వచ్చిన బిక్షానికి క్రాన్లీ సంస్థ గేట్ సూపర్‌వైజర్ కొలువు ఇచ్చింది. ఇరవై ఇద్దరిలో పన్నెండు మందికి గార్డు పని. నీలం చొక్కా, విజిల్, వాకీటాకీ. చైనా దారి ఇంత త్వరగా ఫలితం ఇస్తుందని తాను కూడా ఊహించలేదని వామనరావు గారు పత్రికలకు చెప్పారు. "గేటు ఇప్పుడు స్థానికుల చేతిలోకి వచ్చింది," అన్నారు. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

లింగవ్వకు మాత్రం ఓపిక తక్కువ. ఒక తెల్లవారు జామున కంచె కింద మట్టి గీకి, దూరిపోయి, రెండు గంటలు కోసి, ఒక మోపు నెత్తిన పెట్టుకుని గేటు మీదుగానే బయటికి రాబోయింది. సొంత చెల్లెలి కొడుకు అక్కడే ఉన్నాడు గదా అనుకుంది. నేను ఆ వేళ గేటుకు కొత్త బోర్డు అంటించడానికి పోయాను కాబట్టి కళ్లారా చూశాను.

బిక్షం విజిల్ ఊదాడు. ఊదాక ఎవరో చూశాడు.

"పెద్దవ్వా, గిట్ల చేస్తే ఎట్లనే? లోపలికెట్ల అచ్చినవ్?"

"పంది అచ్చినట్టు అచ్చిన. గేటు తియ్యి."

"నువ్వు పోవచ్చు. మోపు పోరాదు. లోపలి నుంచి ఏ వస్తువు బయటికి పోవాల్నన్నా మెటీరియల్ గేట్ పాస్ ఉండాలె."

"ఇది వస్తువు గాదురా, వరి."

"రిజిస్టర్ల వరి అనే కాలం లేదు పెద్దవ్వా. ఇనుము, డీజిలు, టైర్లు, ఇతరములు. గంతే."

"అయితే ఇతరములల్ల రాయి."

"ఇతరములకు సైటు మేనేజర్ సంతకం కావాలె. మేనేజర్ లండన్ పోయిండు."

లింగవ్వ మోపు దించింది. బిక్షాన్ని కిందినుంచి మీదికి ఒకసారి చూసింది. "నీకు చిన్నప్పుడు ఉడుకుడుకు బువ్వ పెట్టింది ఈ మడి గింజలేరా," అంది. బిక్షం వాకీటాకీ చెవి దగ్గర పెట్టుకున్నాడు. అందులో ఎవరూ మాట్లాడుతున్నట్టు నాకు వినిపించలేదు. మోపు మూడు రోజులు గార్డు గది పక్కనే ఉంది. తర్వాత మేకలు తిన్నాయి. వాటికి పాస్ ఉందా అని ఎవరూ అడగలేదు.

ఈలోగా జపాన్ దారి. నా నోట్సులో ఒక వాక్యం వామనరావు గారి దృష్టిని ఆకర్షించింది. 1871లో జపాన్ ప్రభుత్వం తన పెద్దలను, విద్యార్థులను వందకు పైగా మందిని ఓడ ఎక్కించి అమెరికాకు, యూరపుకు పంపింది. వాళ్లు ఏడాదిన్నరకు పైగా తిరిగి, అన్నీ చూసి, రాసుకొచ్చారు.

"వందమంది అవసరం లేదు," అన్నారాయన ఉదారంగా. "మనం ఏడుగురం పోతం. ఏడాదిన్నర కూడా వద్దు. ఇక్కడ అవ్వ వరి ఉన్నది. పదిహేను రోజుల్ల తిరిగి వస్తం."

లండన్ ప్రయాణానికి టికెట్లు, బస, తిండి ఎవరు చూస్తారనే చిన్న సమస్య వచ్చింది. సామ్రాజ్యవాదులే చూసుకుంటామన్నారు. శత్రువు ఖర్చుతో శత్రువు గుట్టు తెలుసుకోవడం జపాన్ వాళ్లకు కూడా తట్టని ఎత్తుగడ అని ఆయన నా చేత కరపత్రంలో రాయించారు. వామనరావు గారు, వారి సతీమణి సరస్వతమ్మ గారు, కమిటీ సభ్యులు అయిదుగురు పోయారు. వాళ్లు లేని రోజుల్లో కూడా బాయి మీద వాళ్ల మస్టర్ పడింది. అలవాటు ఉన్న మస్టర్ కదా.

డిసెంబరు రెండో వారంలో తిరిగి వచ్చారు. రామగుండం స్టేషన్లో రైలు దిగుతున్న వామనరావు గారిని ముందు ఎవరం గుర్తుపట్టలేదు. నల్ల సూటు, టై, చేతిలో గొడుగు. జుట్టు పక్కపాపిడి నుంచి వెనక్కి దువ్వి ఉంది. డప్పుల వాళ్లు ఇంకెవరో అనుకుని కొంచెంసేపు ఆపేశారు కూడా.

"జపానోళ్లు ఏం చేసిన్రు?" అని ఆయన ప్లాట్‌ఫారం మీదే ఉపన్యసించారు. "ముందుగాల జుట్టు కత్తిరించుకున్నరు! తర్వాత కోటేసుకున్నరు! నేను రెండూ చేసిన. సగం పోరాటం అయిపోయినట్టే!"

లింగవ్వ జనంలోంచి దారి చేసుకుని ముందుకొచ్చింది. మనిషి చిక్కింది. "సారూ, సగం రాలిపోయింది. ఇంక సగమన్న దక్కుతది. గేటు సంగతి అడిగిన్రా?"

"అవ్వా, లండన్ల గేట్లు చూడాలె నువ్వు!" వామనరావు గారి కండ్లు మెరిశాయి. "మనిషి పోంగనే వాటంతటవే తెరుచుకుంటయి. తాళమే ఉండదు."

"మరి గసొంటిది ఇక్కడ పెట్టచ్చు గద వాళ్లు."

ఆ మాటకు సభలో నవ్వాలో వద్దో తెలియక కొందరు దగ్గారు. వామనరావు గారు చెయ్యెత్తి, "ఒప్పందం సిద్ధమైంది," అని ప్రకటించారు.

ఆ ఒప్పందం జిరాక్సుకు నా దగ్గరికే వచ్చింది. ఇంగ్లీషులో పద్నాలుగు ఆర్టికల్స్. కాగితం చాలా నాణ్యమైనది. మిషన్లోంచి ఒక్కొక్క పేజీ వస్తుంటే వేడివేడిగా చదివాను. ఆర్టికల్ మూడు: క్రాన్లీ సంస్థ మీద ఊరివాళ్లకు ఏ తగాదా వచ్చినా పెద్దపల్లి కోర్టులో చెల్లదు, సింగపూర్లో వేసుకోవాలి. ఆర్టికల్ ఏడు: గేటు డిసెంబరు ఇరవైన పదకొండు గంటలకు తెరవబడును, మూడు షిఫ్టులూ తెరిచే ఉండును. ఎవరి కోసమో రాయలేదు. ఆర్టికల్ తొమ్మిది: ఇంకే కంపెనీకైనా ఊరివాళ్లు ఏ వసతి ఇచ్చినా అది అడగకుండానే క్రాన్లీకి కూడా వస్తుంది. ఆర్టికల్ పదకొండు: కంచె లోపలి భూమిలో అరవై రోజులు సాగుపని ఏదీ జరగనట్టు గేటు రిజిస్టర్ చూపిస్తే, అది సైటు కింద లెక్క. ఆర్టికల్ పన్నెండు: మట్టి మోసే టిప్పర్లలో కొన్నింటిని స్థానిక మహిళా పారిశ్రామికవేత్త నుంచి తీసుకోవాలి. ఆ పారిశ్రామికవేత్త సంస్థ పేరు సరస్వతి రోడ్‌లైన్స్.

నేను పైకి పోయి తలుపు కొట్టాను. వామనరావు గారు ఫోర్కుతో ఇడ్లీ తింటున్నారు.

"సార్, ఈ పదకొండోది చూసిన్రా? గేటుకు తాళమేసింది వాళ్లే. లోపలికి పోనియ్యంది వాళ్లే. అరవై రోజులు దున్నలేదు, కొయ్యలేదంటె భూమి వాళ్లదైతదట. లెక్కపెట్టిన. అరవై దాటినై."

"రఘుపతీ, నువ్వు చదువుకున్నోనివి. జపాన్ సంతకం పెట్టిన ఒప్పందాలు మంచియా, చెడ్డయా?"

"చెడ్డయే సార్. అసమాన ఒప్పందాలు."

"అయినా పెట్టింది గదా? తర్వాత మార్పించుకున్నది గదా? ఎన్నేండ్లకు?"

"1858ల పెట్టిన్రు. 1899ల విదేశీ కోర్టులు పోయినై. నలభై ఏండ్లు పైనే."

"మరి మనకెందుకు తొందర?" అన్నారు వామనరావు గారు ఇడ్లీని ఇంకోవైపు నుంచి పొడుస్తూ. "మనం కూడా నలభై ఏండ్లల్ల సవరించుకుందాం."

"లింగవ్వకు అరవై ఆరు సార్."

"ఉద్యమాలు వ్యక్తుల మీద ఆధారపడవు."

నిజమే. నేను కిందికి వచ్చి ఇరవై కాపీలు తీశాను. ఒకటి లింగవ్వకు ఇచ్చి, అందులో ఏముందో చెప్పాను. ఎంత చెప్పానో నాకు సరిగ్గా గుర్తు లేదు. గేటు ఇరవయ్యో తారీఖు తెరుస్తారన్న మాట దగ్గరే ఆమె లేచి, కొడవలి సానబట్టించడానికి కొలిమి దిక్కు పోయింది. నేను పిలిచాను. గట్టిగా పిలిచాననే అనుకుంటున్నాను.

డిసెంబరు ఇరవై. షామియానా, డప్పులు, మామిడి తోరణం. గేటుకు ఎర్ర రిబ్బను. సూటులో వామనరావు గారు, పట్టుచీరలో సరస్వతమ్మ గారు, నవ్వుతూ సంధ్యారాణి గారు, ఇస్త్రీ చొక్కాలో బిక్షం. నూట డెబ్బై ఏండ్ల కింద ఎక్కడో సముద్రం అవతల మూసుకున్న తలుపులను తెల్లవాళ్లు ఫిరంగులతో తెరిపించారనీ, ఈనాడు తెల్లవాళ్లు మూసిన తలుపును తుమ్మలగూడ కత్తెరతో తెరిపిస్తోందనీ, ఇది చరిత్రను తిరగరాయడమేననీ వామనరావు గారు చెప్పారు. ఈ వాక్యం నేను రాసిచ్చిందే. బాగా పలికారు.

రిబ్బను తెగింది. తాళం తీశారు. రెండు రెక్కలూ ఊరి దిక్కు తెరుచుకున్నాయి. లింగవ్వ అప్పటికే నడుముకు కొంగు చుట్టుకుని ముందు వరసలో ఉంది. వెనుక నలుగురు కోత కూలీలు. మొదటి అడుగు ఆమే వేసింది.

బిక్షం రెండు చేతులూ చాచాడు. "ఆగు పెద్దవ్వా! ఆగు! వన్ వే."

"ఏందిరా?"

"ఇటు నుంచి అటు పోవుడు లేదు. అటు నుంచి ఇటు అచ్చుడే."

"అటు నుంచి ఎవలత్తర్రా? అటు నా మడి తప్ప ఏమున్నది?"

బిక్షం పక్కకు తప్పుకున్నాడు. లోపలి నుంచి హారన్ వినిపించింది. పూలదండ వేసిన కొత్త టిప్పర్ గేటు దాటి ఊరిలోకి వచ్చింది. దాని వెనుక ఇంకోటి. దాని వెనుక ఇంకోటి. డప్పులు కొడుతూనే ఉన్నారు. మొదటి టిప్పర్ షామియానా పక్కన, లింగవ్వ ఇంటి ముందరి పడావు జాగాలో ఆగి, వీపు ఎత్తి, మట్టి గుమ్మరించింది.

నల్లరేగడి. గుంత లోపలి తెల్లమట్టి, రాళ్లు కాదు. మీద తీసిన మొదటి మట్టి. దాని నిండా వరి. వేర్లతో, కంకులతో, పచ్చి గడ్డితో కలిసిపోయి, కొన్ని తలకిందులుగా, కొన్ని నిలబడి.

డప్పులు ఒక్కొక్కటిగా ఆగాయి. లింగవ్వ కుప్ప దగ్గరికి పోయింది. ఒక కంకి గుంజి, అరచేతుల మధ్య నలిపి, ఊది, నోట్లో వేసుకుని కొరికింది. తర్వాత కూర్చుంది. ఎడమ చేత్తో ఒక పిడికెడు పట్టుకుని, కుడి చేత్తో కోసి, పక్కన పెట్టింది. ఇంకో పిడికెడు పట్టుకుంది. కూలీలు నలుగురూ నిలబడి చూస్తున్నారు.

రెండో టిప్పర్ హారన్ కొట్టింది.

"లే పెద్దవ్వా," అన్నాడు బిక్షం. గొంతు అంత మంచిగా లేదు. "ఇంకోటి పోస్తరు. లే."

"ఉండురా. ఎండినయి ఏరుకుంటాన్న."

వామనరావు గారు ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, తడబడ్డారు. మహా నాయకులకు అంతకన్నా ఎక్కువ పట్టదు. మైకు అందుకున్నారు. "సోదరులారా! ఇన్నాళ్లు రైతు గేటు దాటి పంట దగ్గరికి పోవాలని కొట్లాడినం. ఈ రోజు పంటే గేటు దాటి రైతు ఇంటి ముందుకు వచ్చింది! రఘుపతీ, రాసుకో."

రాసుకున్నాను. చప్పట్లు కొట్టమని ఆయన చేతులెత్తి చూపిస్తే, అలవాటు కొద్దీ కొందరు చేతులెత్తారు.

సంధ్యారాణి గారు అప్పటికే ఫోన్‌లో మాట్లాడుతున్నారు. మట్టి పడిన చోటల్లా సేఫ్టీ జోన్ అట, ఆర్టికల్ పద్నాలుగు. ఇద్దరు గార్డులు ఎర్ర తెల్ల ప్లాస్టిక్ పట్టీ చుట్ట తెచ్చి, గేటు స్తంభానికి ఒక కొస కట్టి, షామియానా వెనుక నుంచి, కుప్ప చుట్టూ, లింగవ్వ వెనుక నుంచి తీసుకుపోయారు. ఆమె తల ఎత్తలేదు. పట్టీ ఆమె బర్రె కట్టుకొయ్య దాటి, పొయ్యి దాటి, ఇంటి దర్వాజ దాకా వచ్చి ఆగింది. అయిపోయిందట. ఇంకో చుట్ట తేవడానికి మనిషిని పంపారు.